ఊరికే పిలవని మనిషి

“ఆ కిటికీ దించకు, మార్లిస్.”

“దోమలొస్తున్నాయి వెర్నా.”

“జాలీ ఉందిగా. నిన్నా ఇదే చెప్పావు, మొన్నా ఇదే చెప్పావు. కనీసం సాకైనా మార్చు.”

“సరే, చలిగాలి.”

“జూన్ నెలలోనా?”

అంటూనే మా అత్తగారు వెర్నా తన చేతికర్రను కిటికీ రెక్క కింద నిలువుగా ఆనించేసింది. ఇక అది దిగదు. ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది. నేను పొయ్యి వైపు తిరిగాను. మంచు కరిగినప్పటి నుంచీ మా వంటింట్లో ప్రతి సాయంత్రం ఇదే గొడవ. కారణం ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ దోమల గురించే మాట్లాడతాం.

అప్పుడు పై బీడు వైపు నుంచి వినిపించింది.

“కంబా...స్! కంబా...స్! రండి తల్లీ, రండి!”

ఆవుల్ని ఇంటికి పిలిచే కేక అది, నా భర్త ఆర్లో గొంతు. ఆర్లో పోయింది కిందటేడు మొక్కజొన్న కోతల్లో. ట్రాక్టరు మీదే గుండె ఆగింది.

వెర్నా చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. కొండ వాలు మీద ఆవులు ఒక్కొక్కటే తల ఎత్తాయి. ముందు పెర్ల్ కదిలింది, దాని వెనక మిగతావి, ఒకే బాటలో వరసగా, గేటు వైపు దిగి వస్తున్నాయి. ఇవి పాలిచ్చే మంద కాదు. ఈనడానికి ముందు సెలవు మీద ఉన్న ఆవులు, ఇంకా ఈనని పెయ్యలు. అన్నీ ఆర్లో చేతుల మీద పెరిగినవే.

గేటు పక్క గుంజకి మా అమ్మాయి టిల్డా ఒక ఆకుపచ్చ పెట్టె బిగించింది. గొంతు అందులోంచి వస్తుంది. టిల్డా మా రాష్ట్రపు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశుశాస్త్రం పీజీ చేస్తోంది. తమను పెంచిన మనిషి గొంతు ఆవులకి ఎంతవరకు గుర్తుంటుందన్నది దాని పరిశోధన. కిందటేడు వసంతంలో తండ్రి గొంతు రికార్డు చేసుకుంటానని అడిగితే ఆర్లో సిగ్గుపడి, చివరికి ఒప్పుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మరీ గేటు దగ్గరికి వెళ్ళాడు. గొంతుకి చొక్కా ఎందుకని నేను నవ్వాను.

ఆయన పోయాక టిల్డా గైడు ప్రొఫెసర్ హ్యూబర్ పరామర్శకి వచ్చాడు. కాఫీ తాగాడు. వెళ్ళేటప్పుడు వరండాలో నిలబడి, “నీకు ఇష్టమైతేనే సుమా. పిలిచిన మనిషి పోయాక ఆ పిలుపు ఏమవుతుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు,” అన్నాడు. టిల్డా తల ఊపింది. ఆ పూట అది దేనికైనా తల ఊపేది.

ఆ రికార్డులో ఇంకో మాట ఉంది. ఆ రోజు ఆర్లో పిలుస్తుండగానే నేను ఈ కిటికీలోంచి కేకేశాను, “ఆర్లో, చల్లారిపోతోంది!” అని. “ఆ, వస్తున్నా!” అన్నాడు. ప్రయోగానికి పనికిరాదని టిల్డా ఆ ముక్క కత్తిరించేసింది. నేను ఆ సంగతి అడగలేదు, అది చెప్పలేదు. కానీ కోసిన చోటు నాకు తెలుస్తుంది. చివర ఆయన ఊపిరి తీసుకుంటాడు, అక్కడ ఆగిపోతుంది. తర్వాతి మాట కోసం నా చేతిలో గరిటె ఆగుతుంది. ఆ మాట రాదు. రోజూ ఆ పూట ఆయన బతికి ఉంటాడు, భోజనానికి మాత్రం రాడు.

అందుకే కిటికీ దించాలని నా పట్టు. అందుకే తెరవాలని వెర్నా పట్టు.

ఆ రాత్రి భోజనాల దగ్గర టిల్డా బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, ఏదో మామూలు మాట చెబుతున్నట్టే చెప్పింది.

“రేపటి నుంచి పై బీడు తొట్టిలో దాణా పొయ్యను.”

“ఏం, అప్పుడే బస్తా అయిపోయిందా?” అన్నాడు నెల్స్. వాడు టిల్డా తమ్ముడు. తండ్రి పోయిన దగ్గర్నుంచి డెయిరీ అంతా వాడి నెత్తినే ఉంది.

“కాదు. ఇది చివరి దశ. పిలుపు వినిపిస్తాం, దాణా పెట్టం. ఎప్పటికి రావడం మానేస్తాయో చూస్తాం. మావాళ్ళు దాన్ని ఆర్పడం అంటారు.”

“ఏం ఆర్పడం?” అంది వెర్నా.

“పిలుపుని, నానమ్మా.”

“వాడి పిలుపునా?”

టిల్డా గరిటె గిన్నెలో పెట్టేసింది. నేను రొట్టెల పళ్ళెం బల్ల మీద పెట్టి నిలబడిపోయాను.

“మీ నాన్న ఒక్కనాడు కూడా వాటిని ఊరికే పిలవలేదే.”

“తెలుసమ్మా.”

“జ్వరంలో కూడా. జేబులో గుప్పెడు ఓట్స్ గింజలు లేకుండా గేటు దగ్గరికి వెళ్ళేవాడు కాదు. వాషింగ్ మెషీన్ జాలీ నిండా అవే. కడుక్కున్నదాన్ని నేను, నాకు తెలీదా?”

“తెలుసన్నాను కదా!” టిల్డా గొంతు లేచింది. వెంటనే తగ్గించుకుంది. “ఇది లేకపోతే నాది సగం పని. వేసవి చివరికి థీసిస్ ఇవ్వాలి. దీని మీదే డిగ్రీ, దీని మీదే ఆపైన సీటు. కమిటీ కూడా ఒప్పుకుంది. ఆవులకి బాధేమీ ఉండదని చూసే సంతకాలు పెట్టారు.”

“ఆవుల గురించి అడిగారు, మంచిదే. మా గురించి అడిగారా?” అంది వెర్నా.

“నిన్ను కూడా లెక్కలోకి తీసుకోవాలంటే ముందు నీ చెవికి నంబరు బిళ్ళ కుట్టాలి నానమ్మా,” అన్నాడు నెల్స్.

“కుట్టరా. పసుపు రంగుది కుట్టు, నా ఆదివారం టోపీకి నప్పుతుంది.”

అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.

మర్నాడు పిలుపు వినిపించగానే మంద అంతా దిగి వచ్చింది. తొట్టిలో మూతులు పెట్టాయి. మూతులు ఎత్తి, గేటు వైపు చూశాయి. టిల్డా దూరంగా పికప్ బండిలో కూర్చుని రాసుకుంటోంది. ఆవులు చాలాసేపు నిలబడి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాయి. మర్నాడు కూడా అన్నీ వచ్చాయి. ఆ తర్వాత పెయ్యలు కొన్ని సగం దారిలో ఆగి, గడ్డిలో తలలు దించేశాయి. రోజురోజుకూ బాట మీద వరస పల్చబడింది. తల ఎత్తేవి, చెవులు ఇటు తిప్పేవి. తర్వాత చెవులు కూడా తిప్పేవి కాదు.

“కంబా...స్! రండి తల్లీ, రండి!” అని ఆర్లో పిలుస్తూనే ఉన్నాడు. అదే హుషారు, అదే ఊపిరి. ఎవరూ రాని బీడులోకి ఒక మనిషి అంత ప్రేమగా పిలవడం వినడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఆయన బతికి ఉంటే గొంతు మార్చేవాడు. విసుక్కునేవాడు, ఒక తిట్టు తిట్టేవాడు, లేదా కొండ ఎక్కి వెళ్ళి చూసేవాడు. ఈ ఆర్లోకి అవేమీ తెలీవు.

ఒక సాయంత్రం నేను కిటికీ మాట మర్చిపోయి క్యాబేజీ తరుగుతున్నాను. వెనక ధన్‌మని చప్పుడైంది. వెర్నా చేతికర్ర తీసేసి తనే రెక్క దించింది.

“దోమలా?” అన్నాను, ఇంకేమనాలో తెలీక.

“వాడి చేత అబద్ధాలాడిస్తోంది నీ కూతురు. చిన్నప్పుడు కూడా అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి వాడికి. నేను వినలేను,” అంది. ఆ తర్వాత కిటికీ గురించి మాకు గొడవ లేదు. గొడవ ఉన్నప్పుడే ఇల్లు బాగుంది.

అద్దం దించినా గొంతు వచ్చేది, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు.

చివరికి పెర్ల్ ఒక్కటే మిగిలింది. మంచుతుఫానులో పుట్టి, తల్లి పోతే, ఆర్లో ఇదే వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకుని సీసాతో పాలు పట్టిన దూడ అది. ఇప్పుడు ముసలిది. రోజూ ఒక్కతే కొండ దిగి వచ్చి, తొట్టిలో చూడకుండా గుంజ దగ్గరికే వెళ్ళేది. పెట్టెకి నుదురు ఆనించి నిలబడేది. కొన్నాళ్ళకి పిలుపుకి ముందే రావడం మొదలుపెట్టింది. పిలిచాక వెళ్ళేది కాదు.

“అది కూడా మానేస్తే అయిపోయినట్టే,” అంది టిల్డా. కళ్ళ కింద నల్లగా ఉంది దానికి. “ఒక్కటి కూడా రాని రోజులు వరసగా కొన్ని కావాలి నాకు. అంతే.”

“అంటే నువ్వు దాని కోసం కాచుక్కూర్చున్నావు, అది నాన్న కోసం కాచుక్కూర్చుంది,” అన్నాడు నెల్స్. “మీ ఇద్దరిలో ఎవరు ముందు లేస్తారో చూడాలి.”

“నోరు ముయ్యి నెల్స్.”

జూలైలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. తగ్గాక చూస్తే మేపుల్ కొమ్మ విరిగి కరెంటు కంచె మీద పడి ఉంది. మంద మొత్తం పక్క చేలోకి పోయింది. అది లూసర్న్ పశుగ్రాసం చేను, వానకి తడిసి ఉంది. ఖాళీ కడుపున ఆ గడ్డి మేస్తే కడుపు ఉబ్బి, ఊపిరాడక, గంటల్లో చచ్చిపోతాయి. ఆ సంగతి మా ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు.

“పిలు! ఆ పెట్టె పెట్టు!” అని నెల్స్ బురదలో పరిగెడుతూ అరిచాడు. టిల్డా ఎర్రబడిన మొహంతో ఫోన్లో మీట నొక్కింది.

“కంబా...స్! కంబా...స్! రండి తల్లీ, రండి!”

ఒక్క తల లేవలేదు.

టిల్డా మళ్ళీ నొక్కింది. గొంతు చేనంతా పరుచుకుంది. ఆవులు నములుతూనే ఉన్నాయి. మూడోసారి నొక్కబోతుంటే నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

“వద్దమ్మా. ఆయన్ని ఇంక అరవనివ్వకు.”

మిగతాదంతా కేకలూ, కర్రలూ, నెల్స్ నాలుగు చక్రాల బండీ, పక్కింటి వాళ్ళ కుక్కా. చీకటి పడేలోపు మందను తోలుకొచ్చాం. రెండు పెయ్యల ఎడమ పక్క డోలులా ఉబ్బింది. నెల్స్ వాటి గొంతులోంచి గొట్టం దించి గాలి తీశాడు. రెండూ బతికాయి.

అప్పుడు వెర్నా వరండాలోంచి అరిచింది. “పెర్ల్ ఏదీ? పెర్ల్ కనపడ్డం లేదు!”

చేలో లేదు. రోడ్డు మీద లేదు. నేనూ టిల్డా బీడు గేటు దగ్గరికి వెళ్ళాం. పెర్ల్ గుంజ దగ్గరే ఉంది. కంచె తెగినా, మంద అంతా వెళ్ళిపోయినా, గాలివాన మొత్తం అక్కడే నిలబడినట్టుంది. వీపు మీంచి నీళ్ళు కారుతున్నాయి. పెట్టెకి నుదురు ఆనించి ఉంది. ఇందాక మేము మోగించిన పిలుపుకి జవాబు చెప్పింది అదొక్కతే, మేమే చూడలేదు.

టిల్డా హడావుడిలో తలుపు దగ్గర కొక్కెం మీంచి చేతికందిన వాన కోటు తగిలించుకుని వచ్చింది. అది ఆర్లోది. ఇంట్లో నేను ఉతకని బట్ట అదొక్కటే. టిల్డా చలికి చేతులు జేబుల్లో పెట్టుకుంది. పెట్టుకుని, అలాగే ఆగిపోయింది. కుడిచెయ్యి నెమ్మదిగా పైకి తీసి, గుప్పిట విప్పింది. ఓట్స్ గింజలు. బూజు వాసన కొడుతున్నాయి.

టిల్డా నా వైపు చూడలేదు. పెర్ల్ ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది. పెర్ల్ వాసన చూసింది, చాలాసేపు, చేతిని కాదు, కోటు చేతిని. తర్వాత నాలుకతో అరచెయ్యి తుడిచేసినట్టు తినేసింది. ఆ ఒక్క గుప్పెడుతో టిల్డా వేసవి పని చెడిపోయిందని నాకు తెలుసు. దానికీ తెలుసు. రెండో జేబు కూడా వెతికింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. టిల్డా రాలేదు, ఫోన్లో మాట్లాడుతూ వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. నెల్స్ రెండోసారి వడ్డించుకున్నాక వచ్చి కూర్చుంది.

“ఎవరు?” అన్నాను.

“హ్యూబర్.”

“ఆదివారం కూడా వదలడా ఆయన?”

“నేనే చేశానమ్మా.” పళ్ళెంలో ఏమీ పెట్టుకోలేదు. “ప్రయోగం ఆపేస్తున్నానని చెప్పాను. మంద రావడం మానేసింది, పెర్ల్ మానలేదు. ఉన్నది ఉన్నట్టే రాస్తానన్నాను. ఇలా అయితే థీసిస్ చూసే బోర్డు ఒప్పుకోకపోవచ్చు, వేరే మందతో మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాల్సి రావచ్చు, ఇంకో ఏడాది పోతుంది అన్నాడు.”

“నువ్వేమన్నావు?” అన్నాడు నెల్స్. వాడి గొంతులో వెటకారం లేదు.

“పోనీ అన్నాను.”

వెర్నా ఫోర్కు కింద పెట్టింది. టిల్డా బల్ల చుట్టూ మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ముందు నానమ్మని, తర్వాత తమ్ముణ్ణి, చివరికి నన్ను.

“రేపు గుంజ మీంచి పెట్టె విప్పేస్తాను,” అంది మెల్లగా. “ఇవాళ సాయంత్రం మాత్రం ఒక్కసారి పెడతాను. తొట్టి నిండా దాణా పోసే పెడతాను. కిటికీ తెరిచి ఉంచు నానమ్మా. కత్తిరించకుండా, చివరిదాకా వినిపిస్తాను.”