రాతితో కోసిన గీతలు

ఎర్రమన్ను. తడి చల్లదనం. అందులో తెల్లగా ఎముకలు...

బనగానపల్లె దగ్గర, మా ఊరి గుట్టలో గుహ ఉంది. అందులో దేవుణ్ణి నిలపాలని ఊరివాళ్లు నేల చదును చేయిస్తుంటే మూరెడు లోతున బయటపడ్డాయి.

బయటపడగానే అందరికీ మా ఇల్లే గుర్తొచ్చింది.

మాది మటన్ కొట్టు. మా ఆయన హుసేన్ వలి ఇరవై ఏళ్లుగా ఈ ఊరికి మాంసం కోసిపెడుతున్నాడు.

ఆయన్ని పిలిపించారు. నేనూ వెంట పోయాను. గుహ ముందు నిలబెట్టారు.

"కొట్లో ఎమకలన్నీ ఈ గవిలో పడేస్తాండావా వలీ?" అన్నాడు ఊరిపెద్ద రంగన్న.

మా ఆయన కింద కూర్చున్నాడు. ఒక ఎముక తీసి, మన్ను దులిపి, వేలితో తడిమాడు— కొట్లో తడిమినట్టే.

"ఇది గొర్రెది కాదప్పా. దుప్పిది. ఈ గీతలు సూడు, మొద్దుగా ఉండాయి. ఇనప కత్తి ఇట్లా గీకదు. రాతితో కోసినారు. మూలుగ కోసం రాతితోనే పగలగొట్టినారు. ఇనుము లేని కాలం నాటివి. శానా పాతవి."

నాకు గర్వంగా అనిపించింది. ఎంతసేపని...

"ఇంత వివరంగా తెల్సుంటే నువ్వు కోసినవే," అన్నాడు రంగన్న.

తెలియడమే తప్పయింది.

చదువుకున్నవాడు చెబితే శాస్త్రం. మాంసం కొట్టేవాడు చెబితే నేరం ఒప్పుకున్నట్టు.

నాకు ఒళ్లు మండింది. "కర్నూలు నుంచి ఇట్లాంటివి తెల్సినోళ్లను పిలిపించండప్పా," అన్నాను. ఒక్కరూ నా వైపు తిరగలేదు.

గుహ శుద్ధి కావాలన్నారు. ఆ ఎముకలు ఆయన చేతులతోనే ఎత్తాలన్నారు.

ఎత్తాడు.

గంపలు గంపలు. దవడలు, కొమ్ములు, పళ్లు... మంటలో నల్లబడినవి కొన్ని. ఎప్పటివాళ్లో వేటాడి తెచ్చుకుని, ఆ గుహలో పొయ్యి చుట్టూ కూర్చుని తిన్నవి. ట్రాక్టరు నిండింది. తీసుకుపోయి ఆయన చేతే సున్నపు బట్టీలో పోయించారు.

ఆయన తప్పు లేదని చెప్పగలిగినవి అవే. వాటిని ఆయన చేతే కాల్చించారు.

నా కోపం వాళ్ల మీదే కాదు. ఎత్తిన ఆ చేతుల మీద కూడా.

"ఎందుకెత్తినావు?"

"ఈ ఊర్లోనే బతకాల గదా, కౌసర్."

ఆదివారం రంగన్న మా కొట్టు ముందు నిలబడ్డాడు. ఏమీ జరగనట్టు.

"కిలో కొట్టు వలీ. మూలుగ ఎమకలు రెండెక్కువెయ్యి."

మా ఆయన చెయ్యి కత్తి మీదికి పోయింది. అలవాటు... ఇరవై ఏళ్ల అలవాటు.

ఆ కత్తి నేను తీసుకున్నాను. మాంసం కొట్టే మొద్దులోకి బలంగా దించాను.

"ఇప్పుడు కొట్టి ఇస్తే ఎమకల మీద మా కత్తి గీతే పడుతుంది రంగన్నా. రేపు నీ ఇంటి ఎనక దొరికినా మేమే పడేసినామంటావు. నీకు ఎమకలు లేవు. పో."

రంగన్న కదల్లేదు.

మా ఆయన మొద్దులో దిగిన కత్తినే చూస్తున్నాడు. తీస్తాడో, తీయడో...