కనకమ్మ గ్యాసు కొలిమి

గ్యాసు మీద చాయ్ పెట్టుకుంటారు, కూర వండుకుంటారు. ఇనుము కాలుస్తారా ఎక్కడైనా? నెల్లికుదురులో నెల రోజులుగా ఇదే ముచ్చట. కాలుస్తానని అన్నది కమ్మరి సోమయ్య భార్య కనకమ్మ. ముప్పై ఏళ్లు మొగుడి పక్కన సమ్మెట కొట్టిన చేతులవి, ఊరి మాటలకు వణుకుతాయా?

ఇంట్లో కొలిమి ఆరిపోయి మూడు నెలలైంది. బొగ్గులు కాల్చి తెచ్చేవాళ్లు ఆ పనే మానుకున్నారు. దానికి తోడు సోమయ్య మోపెడ్ మీంచి పడి కుడి జబ్బ విరగ్గొట్టుకున్నాడు. కనకమ్మ ఊరుకుంటుందా? ఫోన్లో హిందీ వీడియోలు చూసి చూసి, పాత బోరు పైపు మూరెడు ముక్క సంపాదించింది. లోపల బాయిలర్లకు చుట్టే తెల్లటి దూదిలాంటి పట్టా పరిచి, దాని మీద మంటకు ఓర్చే మట్టి మెత్తి, వారం రోజులు నీడన ఆరబెట్టింది. వెల్డింగ్ షాపు కరుణాకర్‌తో గ్యాసు గొట్టానికి గుండుసూది మందం బెజ్జం పెట్టించింది. మొదటిసారి మంట వెనక్కి తిరిగి గొట్టంలోకే దూరింది. "అక్కా, ఇడ్సిపెట్టరాదు," అన్నాడు కరుణాకర్. ఆమె విడిచిపెట్టలేదు. గాలి పీల్చే సందు పెద్దది చేయించింది. అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాసి, ఒక్క బుడగ కూడా రావడం లేదని చూసుకుని మళ్లీ వెలిగించింది. ఈసారి మంట నీలంగా బుస్సుమంటూ నిలబడింది. కరుణాకర్ నోరు తెరిచాడు. కనకమ్మ మాత్రం చెప్పలేదా అన్నట్టు చూసింది.

ఇంతా చేసి శుక్రవారం ఇంటికొస్తే సోమయ్య చల్లగా ఒక మాట చెప్పాడు. తుక్కు కొనే హరీష్‌తో మాట్లాడాడట, సోమవారం బండి తెచ్చి దాగలిని తీసుకుపొమ్మన్నాడట. దాగలి అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె. సోమయ్య తాత కాలం నుంచి ఆ ఇంట్లో ఉన్నది. అది గడప దాటిందంటే ఆ ఇంట కమ్మరం లేనట్టే. పెళ్లాన్ని ఒక్క మాట అడిగాడా పెద్దమనిషి! కనకమ్మకు ఒళ్లు మండిపోయింది.

"సోమారం లోపల గ్యాసు మీద కొడవళ్లు చేసి సూపిస్త. చెయ్యకపోతే దాగలిని నేనే బండ్లె ఎక్కిస్త, సరేనా?" అన్నది.

"గ్యాసు మీద అప్పడాలు కాల్చుకో పో," అన్నాడు సోమయ్య.

అదే శుక్రవారం తండా నుంచి సోమ్లీ వచ్చింది. తుపాను వానకు ఆమె రెండెకరాల వరి నేలకొరిగింది. బురదలో కోత మిషన్ దిగదు.

"అక్కా, ఇంకో నాలుగొద్దులైతే వడ్లు మొలకలొస్తయ్. కొయ్యనీకి పన్నెండు మంది ఆడోళ్లం ఉన్నం. దుకాణం కొడవళ్లకు పగటాళ్లకే అంచు పండ్లు రాలిపోతున్నయ్. నువ్వే జెయ్యాలె."

"సోమారం పొద్దుగాల రా. పన్నెండూ తీస్కపో," అన్నది కనకమ్మ, తడుముకోకుండా.

సిలిండర్ గొట్టం కొలిమి పాకలోకి వస్తే తాను ఇంట్లో ఉండనని సోమయ్య మొండికేశాడు. సరే పొమ్మని, శనివారం పొద్దున పైపు కొలిమినీ దాగలినీ వాకిట్లోనే పెట్టింది. తుపాను వెలిసిన ఎండ కళ్లు చెదిరేలా కాస్తున్నది. లారీ కమాను పట్టీ లోంచి కోయించిన ముక్కను మంటలో పెట్టి కూర్చున్నది. ఇనుము మోదుగు పువ్వు రంగుకు వచ్చాకే తీయాలి, ఆమెకు తెలిసిన లెక్క అది. ఎంతసేపు చూసినా ఆ రంగు రాదే! ముక్క బయటికి తీసి చూస్తే మసక ఎరుపే. మళ్లీ పెట్టింది. చివరికి రంగు వచ్చిందనుకుని తీసి దాగలి మీద ఒక్క దెబ్బ వేసింది. నిప్పురవ్వలు చిటపటా రాలి, ముక్క మాడిన రొట్టెలా పెళ్లలు పెళ్లలుగా విరిగింది. రెండోదీ అంతే.

"గ్యాసు ఇనుమును తిన్నదే!" అన్నాడు సోమయ్య మంచంలోంచి.

"గ్యాసుది కాదు. ఇంకేందో ఉన్నది."

"ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది నీ కత."

మూడో ముక్క అంచు కూడా చిట్లేసరికి కనకమ్మకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. సోమ్లీకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? దాగలిని తన చేతులతో బండి ఎక్కించాలా? ఆ ముక్కను పట్టుకారుతో పట్టుకుని, పాకలో ఉన్న నీళ్ల తొట్లో విసిరికొడదామని విసవిసా లోపలికి నడిచింది. గడప దాటిందో లేదో అక్కడే ఆగిపోయింది.

బయట మసక ఎరుపుగా ఉన్న ఇనుము పాక చీకట్లో పసుప్పచ్చగా భగభగమంటున్నది! గడప బయటికి చాపింది, మసక ఎరుపు. లోపలికి లాగింది, భగ్గుమన్న పసుపు. అప్పుడు గుర్తొచ్చాడు మామ. కప్పు సందులోంచి కొలిమి మీద ఎండ పొడ పడితే చాలు, ఆ ముసలాయన చేస్తున్న పని ఆపి గోనెసంచి కట్టేవాడు. "కొలిమి మీద ఎండ కన్ను పడొద్దు బిడ్డా," అనేవాడు. దిష్టి సంగతేమో అనుకుని ఇన్నేళ్లూ లోపల్లోపల నవ్వుకున్నది. ఎండ ఇనుము రంగును మింగేస్తుందని ఆయన చెప్పిన మాట అది! ఎండలో రంగు తెలియక తానే ఇనుమును అతిగా కాల్చి మాడ్చుకున్నది.

"ఓ మామా, నీ కాళ్లు మొక్కుత!" అని పైకే అనేసింది.

వాకిట్లో నాలుగు గుంజలు పాతి, పైన రేకు వేసి, మూడు వైపులా గోనెసంచులు కట్టింది. గ్యాసు నిలవకుండా ఒక వైపు వదిలేసింది. సోమయ్య ఆ సంచుల వంక చాలాసేపు చూసి, మెల్లగా లేచి వచ్చాడు.

"గిది నీకెవలు చెప్పిండ్రు?"

"మీ నాయిననే. నాకే గిప్పుడు అర్థమైంది. నీకు జబ్బ పోయింది గని కండ్లు పోలేదు గద? గిట్ల కూసొని రంగు సూడు."

సోమయ్య కూర్చున్నాడు. మంటలోకి చూస్తూ, "ఆగు... ఆగు... జర ఆగు... తియ్యి!" అన్నాడు. కనకమ్మ తీసింది, కొట్టింది. ఇనుము చెప్పిన మాట విన్నది. కాసేపటికి ఆయన ఎడమ చేతిలోకి పట్టుకారు ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలియదు. ఆయన పట్టుకున్నాడు, ఆమె వంపు తీసింది, ఉలితో అంచుకు పళ్లలా కక్కులు కొట్టింది. దానిమ్మ గింజ రంగు రాగానే నీళ్లలో ముంచి పదును పెట్టింది. ఆదివారం పొద్దు గూకేసరికి పన్నెండు కొడవళ్లు గోడకు వేలాడుతున్నాయి.

సోమవారం పొద్దున సోమ్లీ వచ్చి, ఒక కొడవలి తీసి కంచె పక్కన గడ్డి దుబ్బు పట్టి ఒక్క లాగు లాగింది. దుబ్బు మొత్తం చేతిలోకి వచ్చింది. "గిది గద అక్కా, కొడవలంటే!" అని మూట కట్టుకుని పరుగున పోయింది.

ఆమె అటు పోయిందో లేదో, ఇటు హరీష్ బండి వాకిట్లో ఆగింది.

"సోమన్నా, దాగలేది? ఎత్తుకుందమా?"

కనకమ్మ సోమయ్య వైపు తిరిగింది. జవాబు మొగుడే చెప్పాలి. సోమయ్య లేచి పాకలోకి పోయాడు. కాసేపటికి ఎడమ చేత్తో, శనివారం విరిగిన ఆ మూడు ముక్కలూ తెచ్చి బండిలో పడేశాడు.

"మా ఇంట్ల ఉన్న తుక్కు గింతే హరీషూ," అన్నాడు. "జర బండి పక్కకు తియ్యి. ఎండ పొడ మారింది, గోనెసంచి ఇటు దిక్కు కట్టాలె."