ముందే వచ్చిన చిల్లు

మాలకొండయ్య ఏ చొక్కా తొడుక్కున్నా ఎడమ రొమ్ము మీద గుండ్రంగా ఒక చిల్లు పడుతోంది. విప్పి దండెం మీద వేస్తే పూడిపోతుంది. మళ్లీ తొడుక్కుంటే అదే చోట తెరుచుకుంటుంది. బొత్తాం పట్టేంత ఉంటుంది, అంచులు కొద్దిగా కమిలి ఉంటాయి.

వాళ్లమ్మ నాంచారమ్మ మొదట ఎలుకల్ని తిట్టిపోస్తుంది. తర్వాత, కొడుకు పనిచేసే రంగుల కొట్టు యజమానిని అడిగి ఆయన చొక్కా తెప్పిస్తుంది. ఆయన ఒంటి మీద నిక్షేపంగా ఉన్న చొక్కా అది. మాలకొండయ్య చేతులు దూర్చగానే చిల్లు వచ్చి తన చోట తాను కూర్చుంటుంది. నాంచారమ్మ భయపడి దాన్ని గబగబా విప్పించేస్తుంది.

ఎరుకల కాలనీలో ఏదీ దాగదు. మధ్యాహ్నానికల్లా ఎస్సై ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వస్తాడు. ఇద్దరూ బూట్లు గుమ్మం బయట విప్పుతారు. పీట వేయించుకుని కూర్చుని మంచినీళ్లు అడిగి తాగుతారు. ఆ మర్యాద చూసి ఆమెకు మరింత భయం వేస్తుంది.

ఎస్సై మాలకొండయ్య చొక్కా చిల్లులో చూపుడువేలు పెట్టి తిప్పి చూస్తాడు. "సరిపోయింది," అంటాడు కానిస్టేబుల్‌తో.

"ఏంది సారూ సరిపోయింది?"

"టౌన్లో ఒకావిడ గొలుసు పోతుందమ్మా."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున."

"రేపంతా మావోడు ఇంట్లోనే ఉంటాడు. గడప దాటనియ్యను."

"ఇంట్లోంచే పారిపోతాడు. పారిపోతుంటేనే కదా కాల్చేది."

"అవతలి వీధిలో ఎవురికీ చిల్లు పళ్లేదా?"

"అక్కడి చొక్కాలు మేం చూడమమ్మా," అంటాడు ఎస్సై ఎంతో ఓపిగ్గా.

వాళ్లు వట్టికాళ్లతో వెళ్లిపోతారు. బూట్లు మాత్రం ముక్కులు లోపలికి తిప్పుకుని గుమ్మం బయటే కాపలా ఉంటాయి.

కదల్లేనివాణ్ణి పారిపోయాడని ఎలా అంటారు? నాంచారమ్మకు తోచిన ఉపాయం అదొక్కటే. కొడుకును ఇంటి మధ్యలో కూర్చోబెట్టి, వాడి కింద వెదురు బద్దలు అడ్డంగా, నిలువుగా పరిచి అల్లిక మొదలుపెడుతుంది. గంప వాడి మోకాళ్లు దాటి పైకి లేస్తుంది.

"ఊపిరాడద్దా అమ్మా?"

"ఆడుద్ది. గంప కింద కోళ్లకి ఆడట్లా?"

"నేనేం తియ్యలేదమ్మా."

"తెలుసు నాయనా. గొలుసింకా పోనేలేదుగా."

తెల్లవారేసరికి గంప వాడి తల మీద మూసుకుంటుంది. వేళ్లు కోసుకుపోయినా ఆమెకు ప్రాణం కుదుటపడుతుంది. చుట్టూ తిరిగి తడిమి చూస్తుంది. ఎడమ రొమ్ము దగ్గర చెయ్యి గాలిలోకి దిగుతుంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కోళ్ల గంపలు అల్లిన చేతులు. చెయ్యి దూరేందుకు కంత వదలడం వాటికి అలవాటు. ఆమెను అడక్కుండానే సరిగ్గా అక్కడే వదిలాయి. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు.

టౌన్లో ఎవరో ఆడమనిషి కేక వేస్తుంది. గుమ్మం బయట బూట్లు లేచి నిలబడతాయి. గంప బద్దలు నేల మీద పాదాలై కదలడం మొదలుపెడతాయి.

"వద్దు నాయనా, కదలమాక."

"నేను కదలట్లేదమ్మా. నన్ను తీసుకుపోతంది."

గంప గడప దాటి వీధిలోకి పరిగెడుతుంది. బూట్లు వెంటపడతాయి. నాంచారమ్మ కంత మీద అరచెయ్యి అదిమిపెట్టి పక్కనే పరిగెడుతుంది. అరచేతిలో చిల్లు పడుతుంది. నొప్పి లేదు, నెత్తురు లేదు. రెండో చెయ్యి వేస్తుంది, అందులోనూ పడుతుంది. ఇక చేతుల్ని నమ్మక, గంపను వాటేసి ఆపి, వెనక్కి తిరిగి కంతకు తన వీపు ఆనించి నిలబడుతుంది.

ఆమె రవికె మీద, ఎడమ రొమ్ము పైన, బొత్తాం పట్టేంత గుండ్రంగా తెరుచుకుంటుంది. అందులోంచి మాలకొండయ్య కన్ను వీధిలోకి చూస్తుంది.

"బూట్లు ఆగినయ్యమ్మా," అంటాడు.

ఆమె భయంతో కళ్లు మూసుకునే ఉంటుంది. "పోతన్నయ్యా?"

"లేదు. గురి పెట్టేటోళ్ల మాదిరి ఒక మోకాలు నేలకానించి కూర్చుంటన్నయ్యి."