కడిగినట్టున్న రాళ్లు

కార్తీకం నాటికి బతికి ఉంటే పారే నీళ్లలో నిలబడి దీపం వదులుతానని సరోజన మొక్కుకుంది. ఆసుపత్రిలో ఒంట్లోకి క్యాన్సరు మందు ఎక్కుతున్నప్పటి మాట. బతికింది. కెనడాలోని ఒషావా ఊళ్లో కుక్కలు కూడా గుమ్మం దాటడానికి ఆలోచించే నవంబరు చలిలో, కార్ల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మొగుడు వీరభద్రం ఆమెను ఏటికి తీసుకొచ్చాడు. రోగం పేరు వినగానే చుట్టాలూ స్నేహితులూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. వాళ్లు పోతే పోయారు. మొక్కు తప్పితే రోగం తిరిగొస్తుందేమోనని అతని భయం. పైకి చెప్పడు.

చోటు ముందే చూసిపెట్టాడు. ఏరంతా రాళ్లు పాచిపట్టి నల్లగా ఉంటే, ఒడ్డు పక్కన మంచం పట్టేంత జాగాలో గులకరాళ్లు తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"ఇక్కడైతే కాలు జారదు. నీకోసమే ఎవరో కడిగిపెట్టినట్టుంది" అన్నాడు.

సరోజన మేజోళ్లు విప్పి కాలెత్తిందో లేదో, కుక్కను లాక్కుంటూ ఒక తెల్ల ముసలమ్మ "ఆగండి, ఆగండి" అని ఇంగ్లీషులో కేకలేస్తూ వచ్చింది.

"ఇగో, మొదలైంది. మనం కాలు పెడితే వీళ్ల ఏరు మైలపడతది" అని పళ్లు నూరాడు వీరభద్రం.

ముసలమ్మ రొప్పుతూ చెప్పింది. అది బ్రౌన్ ట్రౌట్ చేప గూడట. ఆడచేప తోకతో కొట్టి కొట్టి రాళ్లు కడిగి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పిందట. అడుగు పడితే గుడ్లు చితికిపోతాయట. కింద మడుగులో ఎర్రచుక్కల చేప నీటి వాలుకు ఎదురు నిలబడి ఉంది. దాని తోక అంచు అరిగి తెల్లగా అయిపోయింది.

"ఒక్క నిమిషం అందులో నిలబడు సరోజా. చేపే కదా, మనం తినమా?"

"తినుడు వేరయ్యా. నా పానం దక్కిందని మొక్కు తీర్చను వచ్చి, దాని పిల్లల్ని తొక్కుమంటవా?"

మిగతా చోట్ల పాచి. మందులకు గుల్లబారిన ఎముకలు, జారితే అంతే.

"మరి మొక్కు?" అన్నాడు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని.

సరోజన అతని మొహంలోకి చూసింది. అతని భయమేమిటో అప్పటికి అర్థమైంది ఆమెకు.

"దేవునికి నీ అంత పంతం ఉండదులే. నీళ్లు నా కాడికే తే."

ఒడ్డు రాయి మీద కూర్చుని, నారింజ తొక్కలో దీపం వెలిగించి వంగి వదిలింది. వీరభద్రం మోకాళ్ల మీద కూలబడి, దోసిలితో నీళ్లు ముంచి ఆమె పాదాల మీద పోశాడు.

"అమ్మో! చంపుతవా ఏంది! ఐసు పోస్తున్నవ్ గదయ్యా!"

ఏడాదిగా ఎన్ని సూదులు గుచ్చినా కిక్కురుమనని మనిషి. ఆ అరుపు విని ఎన్నాళ్లయిందో.

"పారే నీళ్లన్నవు గద. పారనీ" అని ఇంకో దోసెడు ముంచాడు.