పెరట్లో పారబోసిన మందు

మంగవ్వ చెడ్డ మనిషి కాదు. ఎల్లారెడ్డిలో ఆమె వాకిట్లోంచి ఆకలితో వెనక్కి పోయినవాళ్లు లేరు. కానీ ఎవరి చేతి నీళ్లు తాగాలో, ఎవరివి తాగకూడదో ఆమెకు చిన్ననాడే నూరిపోశారు.

ఒక్కగానొక్క కూతురు బాలలక్ష్మికి ఊపిరితిత్తుల జ్వరం వస్తే బండి కట్టించి కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు కొత్తగా వచ్చిన తెల్లగోలీలు రాశాడు. వాటితోపాటు కాంపౌండరు స్వామిదాసు ఏదో ఉప్పు నీళ్లలో కలిపి సీసా నింపాడు.

“గోలీలు ఒక్కటే ఇయ్యొద్దవ్వా. అవి మూత్రంల గడ్డకట్టి దారి మూస్తయి. గీ మందు మూత్రంల పులుపు తీసేస్తది, గోలీ కరిగి బయటకు పోతది. గోలీ ఏసినప్పుడల్లా సీస మీది ఒక గీత మందం తాపుండ్రి. నీళ్లు గూడ మస్తు తాపుండ్రి,” అని రెండుసార్లు చెప్పాడు.

మంగవ్వ తలూపింది. అతను ఊరవతలి వాడలో పుట్టి కిరస్తానంలో కలిసినవాడని దారిలో బండివాడు చెప్పాడు. గోలీ పొడిది, దానికి అంటు లేదు. నీళ్లతోనే వచ్చింది చిక్కంతా. ఇంటికి రాగానే సీసాను పెరట్లో వంచేసింది. జ్వరంలో పడవని నీళ్లు కూడా గుక్కెడు మించి ఇవ్వలేదు. గోలీలు మాత్రం వేళ తప్పకుండా వేసింది.

మూడో రోజు జ్వరం దిగింది. మంగవ్వ సంతోషంతో ఏడ్చింది. నాలుగో రోజు పిల్లకు మూత్రంలో నెత్తురు పడింది. ఐదో రోజు మూత్రమే ఆగిపోయింది.

మళ్లీ దవాఖాన.

“సీసామందు తాపిండ్రా?” డాక్టరు గద్దించాడు.

“తాపిన,” అంది మంగవ్వ. భయానికి నోటికొచ్చిన అబద్ధం.

డాక్టరు స్వామిదాసు వైపు తిరిగాడు. “ఏం కలిపినవయ్యా?”

రెండు రోజులు చేయగలిగిందల్లా చేశారు. మూడో రోజు పొద్దున బాలలక్ష్మి పోయింది.

పిల్లను బండిలో పడుకోబెడుతుంటే స్వామిదాసు వచ్చాడు. అతని కళ్లు వాచి ఉన్నాయి.

“మందుల బల్ల ముట్టొద్దన్నరవ్వా నన్ను. గది పోనీ. ఎంత యాది చేసుకున్నా నా కొలత తప్పినట్టు లేదు. పిల్ల నా చేతిలనే పోయిందా?”



“నీ తప్పేం లేదు స్వామిదాసూ. ఒక్క చుక్క తాపలే. పారబోసిన. నా బిడ్డను నేనే సంపుకున్న. డాక్టరుకు గూడ నేనే చెప్త,” అని మంగవ్వ బోరుమంది.

ఎందుకు పారబోశావని స్వామిదాసు అడగలేదు. అడిగి, నాలుగు మాటలు తిట్టినా బాగుండునని మంగవ్వకు అనిపించింది.