పూనం పట్టుకునే గడ

అన్న వస్తున్నాడని పార్వతి నిన్ననే గోడకు సున్నం వేసింది. పొద్దున్నే జీపులు దిగిన సినిమావాళ్లు ఆ గోడకే మసి, బురద పూస్తుంటే ఆమె అన్న దగ్గరికి ఉరికింది.

"ఏందన్నా ఇది? మనిల్లు ఎప్పుడన్న ఇట్లుండెనా?"

"ఊకో చెల్లె. నా చిన్నప్పటి కథ తీస్తున్నరు. పేదగ కనబడాలె," అన్నాడు సన్న, నల్లకళ్లద్దాలు తీయకుండానే. కరాటే వీరుడిగా గాలిలోకి ఎగిరి కాలితో తన్నే అతని బొమ్మను ఇప్పుడు బీజాపూర్ సంతలో పిల్లలు చొక్కాల మీద వేసుకుని తిరుగుతున్నారు.

ఆ కాళ్ల సంగతి వాళ్ల ఊరు తర్లగూడలో ఎవరినడిగినా చెబుతారు. మూడేళ్లొచ్చినా సన్నకు నడక రాలేదు. నాయన ఆయతు రోజూ ఇప్పనూనె వెచ్చచేసి కాళ్లు రుద్దేవాడు. పెరట్లో రెండు వెదురు గడలు అడ్డంగా కట్టి, వాటి నడుమ నడిపించేవాడు. ఇప్పుడు పార్వతి కూతురు పూనంకూ అదే తంటా. ఇక నడవదేమోనన్న దిగులుతో పార్వతికి అన్నం సహించడం లేదు. ముసలాయన మళ్లీ గడలు కట్టాడు. ఈమధ్యే పిల్ల గడ పట్టుకుని లేచి నిలబడుతోంది.

డైరెక్టరు ఆయతు చేతికి సీసా ఇచ్చాడు. "తాతా, మీరు తాగొచ్చి కొడుకుని చితకబాదుతారు. ఆ దెబ్బలు తప్పించుకుంటూనే మన హీరో కరాటే నేర్చుకున్నాడన్నమాట."

ఆయతు వాసన చూశాడు. "నీళ్లా? గింత దూరమొచ్చి నీళ్లు తాపుతరా బాబూ?"

అందరూ నవ్వారు. సన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

"నాయన నిన్నెప్పుడు కొట్టిండు?" అంది పార్వతి.

"కొట్టలేదంటే ఎవడు చూస్తడే? ఇంటర్వ్యూలల్ల గదే చెప్పిన."

"చెప్పుకోనీ బిడ్డా," అన్నాడు ఆయతు తల దించుకుని. "వానికి పేరొస్తది."

ఎవరో ఉమ్మిన ముద్ద నోట్లో పెట్టినట్లనిపించింది పార్వతికి.

"కర్రేదీ?" డైరెక్టరు అరిచాడు.

సన్నే పెరట్లోకి నడిచాడు. గడ పట్టుకుని నిలబడ్డ పూనం వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, తాళ్లు తెంపి, గడ లాగేశాడు. పిల్ల బోర్లా పడింది.

"థూ!" పార్వతి పరుగున వచ్చి గడ గుంజుకుంది. "ఇసుంటి గడ పట్టుకునే గదా నువ్వు లేసినవ్! దీన్నే చేతికిచ్చి నాయనను తాగుబోతును చేస్తవా?"

"మల్లొకటి కట్టుకో. అడివి నిండ వెదురే గదనే!"

ఆయతు సీసా కింద పెట్టాడు. "తాడు తే బిడ్డా."

"తాతా, షాట్!"

"ఆగు బాబూ. పిల్ల ఏడుస్తాంది."

ఆయన గడ కట్టి, ఇప్పనూనె తీసి పూనం మోకాళ్లు రుద్దాడు. డైరెక్టరు కళ్లు మెరిశాయి. "అబ్బ, ఏం సీను! కెమెరా ఇటు తిప్పండి!"

పార్వతి కొంగు బారెడు చాపి కెమెరాకు అడ్డంగా నిలబడింది. అన్న ముఖం చూడలేదు. చూస్తే కక్కొస్తుందని తెలుసు. వెనక నుంచి నాయన గొంతు వినిపిస్తోంది.

"లెవ్వు తల్లీ... పట్టుకో... గట్టిగ పట్టుకో."

ఏడుపు ఆగింది. గడ కిర్రుమంది.