ఎడమ కిటికీ

“కొత్తిమీర,” అన్నాడు మొగులయ్య.

రవీందర్ బ్రేకు తొక్కాడు. ట్యాంకరులోని పదివేల లీటర్ల నీళ్లు ముందుకు ఊగి, వెనక్కి తన్ని, సర్దుకున్నాయి. ఎడమ పక్క చక్రానికీ ఫుట్‌పాత్‌కూ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి ఒక మోటారుసైకిలు బయటికొచ్చింది. వెనక సీటు మీద కొత్తిమీర మూట, హ్యాండిల్‌కి రెండు పక్కలా పుదీనా కట్టలు. నడిపేవాడు హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకున్నాడు. తన పక్కన ఇంత పెద్ద బండి ఉందనీ, అది తన కోసమే ఆగిందనీ అతనికి తెలియదు. చాంద్రాయణగుట్ట వంతెన నీడ దాటి మాదన్నపేట మార్కెట్ దిక్కు పోయాడు.

మొగులయ్య తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ట్యాంకరు ఎడమకు తిరిగింది.

రెండు దెబ్బలంటే పొమ్మని, ఒకటంటే ఆగమని. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పని ఇదే. పేరుకు క్లీనరు. బండి కడిగేది వారానికి ఒక్కసారి. మిగతా కాలమంతా డ్రైవరుకు ఎడమ పక్కన, కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, డ్రైవరుకు కనపడనివి చెప్తూ కూర్చుంటాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమ చెంప, ఎడమ మోచెయ్యి ఎండకు కమిలి కుడి వాటికంటే ఒక వన్నె నల్లగా ఉంటాయి. పోలీసు అడ్డం పెట్టినా, పెళ్లి బారాత్ ఎదురొచ్చినా అతని మెడ ముందు ఎడమకే తిరుగుతుంది. స్టీరింగు నేర్చుకోమని ముగ్గురు డ్రైవర్లు చెప్పి చూశారు. తానూ తోలితే ఇక చూసేది ఎవరని అతనికి అనిపించింది.

ఇంట్లో కూడా అంతే. అన్నం గిన్నె పట్టుకుని ఆగమ్మ వెనక్కి జరిగితే, “చెంబు” అంటాడు. కాలు దగ్గర చెంబు ఉందని. “నేనేమన్న లారీనా?” అంటుంది ఆగమ్మ. అంటూనే ఆగుతుంది.

“ఇప్పుడు ఎన్ని పోయినయ్?” అన్నాడు మొగులయ్య, మలుపు దాటాక.

“ఏందియి?”

“మనకు ఎడమ దిక్కున.”

రవీందర్ ఆలోచించాడు. “రెండు.”

“ఐదు.”

“నువ్వేమన్న లెక్కల పంతులువా కాకా? పొద్దుపొద్దున్నే పరీక్షలు పెడ్తవ్.”

మొగులయ్య నవ్వలేదు. తప్పు పట్టాలని అడగడు అతను. చూసిన కళ్లకు మూడు బండ్లు ఎట్లా తప్పిపోతాయో తెలుసుకోవాలని అడుగుతాడు. రవీందర్ కళ్లు మంచివి. దూరం నుంచే బస్సు నంబరు చదువుతాడు. అడ్డం వచ్చే బస్సూ, మట్టి లారీ ఎప్పుడూ అతని చూపు తప్పిపోవు. మోటారుసైకిలు మాత్రం ఆ కళ్ల ముందు నుంచే పోతుంది, కళ్లలో పడదు.

శాలిబండ దిక్కు మళ్లాక రవీందర్ గొంతు సవరించుకున్నాడు. “గోవర్ధన్ సేఠ్ నీకు చెప్పిండా?”

“చెప్పిండు.”

“నేనైతే అడగలే కాకా. ఆయన మనసుల ఆయనకే అనిపించింది.”

“నాకు ఎరుకే.”

గోవర్ధన్ ఈ ట్యాంకర్ల యజమాని. నిన్న షెడ్డులో మొగులయ్య భుజం మీద చెయ్యేసి చెప్పాడు. బండ్లకు కెమెరాలు పెట్టిస్తున్నాడట. డ్రైవరు ముందరే బొమ్మ కనపడుతుందట. నీళ్లు పోయించుకునేవాళ్లే పైపు పట్టుకుంటారట. ఇక ఇంటి దగ్గర ఆరాంగా ఉండమన్నాడు. యాభై ఏడేళ్లొచ్చాయి, ఉండొచ్చు. మొగులయ్యను రాత్రంతా తొలిచింది ఆ మాట కాదు.

“మరి నీకు కనవడుతదా?” అని అడిగాడు.

“స్క్రీన్ల అంతా కనవడుతదట.”

“స్క్రీను సంగతి కాదు. నీకు కనవడుతదా అని.”

రవీందర్ గేరు మార్చాడు. ఈ ఒక్క దినంలో అది తేలాలి మొగులయ్యకు. తేలకుండా దిగిపోతే రేపటి నుంచి తనకు అన్నం సయించదని అతనికి తెలుసు.

దానికి కారణం ఉంది. పందొమ్మిదేళ్ల కింద ఇదే శాలిబండ దగ్గర ఎడమ మలుపు. అప్పటి డ్రైవరు బుచ్చయ్య. నెమ్మది మనిషి, పని మీద ఉన్నప్పుడు చుక్క ముట్టేవాడు కాదు. మోటారుసైకిలు మీద ఒకాయన, వెనక జరీ పని చేసిన గుడ్డల మూట, సందులోంచి ముందుకొస్తున్నాడు. మొగులయ్య నడుము దాకా బయటికి వంగి “బండి, బండి” అని అరిచాడు. అరుస్తూ తల తిప్పి లోపలికి చూశాడు. బుచ్చయ్య కళ్లు ఇటే ఉన్నాయి. ఇటే చూస్తూ బుచ్చయ్య బండిని మలిపాడు.

ఆ జరీ పనాయన ఆసుపత్రి దాకా కూడా బతకలేదు. స్టేషనులో బుచ్చయ్య ఒక్కటే మాట చెప్పాడు. “చూసిన సాబ్. చూస్తే ఏం లేకుండే.” ఎవరూ నమ్మలేదు. మొగులయ్య ఒక్కడే నమ్మాడు, ఆ కళ్లను చూశాడు కనుక. బుచ్చయ్య మళ్లీ స్టీరింగు పట్టలేదు. కల్వకుర్తి దగ్గర బిడ్డ ఇంటికి పోయి, మూడేళ్ల కింద అక్కడే చనిపోయాడు. చివరిసారి చూడబోయినప్పుడు కూడా అదే మాట అన్నాడు, అడగకపోయినా.

చూస్తే ఏమీ లేకపోవడం ఎట్లా? మొగులయ్య చాలాకాలం దాన్ని తిప్పి తిప్పి చూశాడు. చివరికి తప్పు మాటలో ఉందనుకున్నాడు. ఈ ఊళ్లో నిమిషానికి ఇరవైసార్లు వినపడే మాట బండి. చెవికి అది చప్పుడే తప్ప మాట కాదు. అప్పటి నుంచి ఆ మాట మానేశాడు. బండి మీద ఏముందో అది చెప్తాడు. కోడి అంటాడు, ఐసుగడ్డ అంటాడు, ఒకసారి పెండ్లిపిల్ల అన్నాడు. మొదట్లో డ్రైవర్లు పడీపడీ నవ్వేవారు. నవ్వుతూనే కాలు బ్రేకు మీదికి పోయేది. నడిరోడ్డు మీద కోడి అంటే ఎవడైనా చూస్తాడు. పందొమ్మిదేళ్లలో అతను కూర్చున్న బండి కింద ఇంకెవరూ పడలేదు.

శాలిబండలో మెట్రో కోసం ముందుభాగాలు కొట్టేసిన ఇళ్లు లోపలి గోడల రంగులు చూపిస్తూ నిలబడ్డాయి. ఆ వెనక గల్లీలో రుక్మాబాయి మెస్సు. మొగులయ్య దిగి, “ఆనే దో, ఆనే దో, ఇంక జర... బస్” అని ట్యాంకరును గుమ్మం దాకా వెనక్కి నడిపించాడు. పైపు తొట్టిలోకి వేశాడు.

రుక్మాబాయి ఉల్లిగడ్డలు తరుగుతూ కళ్లు తుడుచుకుంది. “ఏం మొగులయ్యా, మూతి గట్ల పెట్టినవ్? ఆగమ్మ బువ్వ పెట్టలేదా?”

“రేపటిసంది నేను రాను. కెమెరా ఒస్తది.”

“కెమెరా నా పైపు పట్టుకుంటదా?”

“నువ్వు పట్టుకోవాలె.”

“మంచిగనే ఉంది. నీళ్లకు పైసలూ నేనే ఇయ్యాలె, పైపూ నేనే పట్టాలె.” కత్తిపీట పక్కకు జరిపింది. “గల్లీల మస్తు వెలితిగుంటది పో. మలుపు కాడ ముందుగాల నీ తలకాయ ఒస్తది, ఎనక లారీ ఒస్తది. నీ తలకాయ చూసే మేము బిందెలు తీస్తం.”

నీళ్లు నిండాక ఆమె రెండు గ్లాసుల ఛాయ్ పోసింది. ఎప్పుడూ ఒకటే గ్లాసు, అదీ సగం.

మధ్యాహ్నం మాదన్నపేటలో కెమెరా బిగించారు. వరుణ్ అనే మెకానిక్ ఎడమ అద్దం కింద బొటనవేలంత డబ్బా పెట్టి, లోపల స్టీరింగు పక్కన చిన్న తెర అంటించాడు. మొగులయ్య దాని చుట్టూ తిరిగాడు. దానికి చినుకు పడితే ఏమవుతుంది, దుమ్ము పడితే ఎవరు తుడుస్తారు అని అడిగాడు. అతని ముఖంలో కోపం లేదు. సంతలో కొత్తరకం ఎద్దును చూసే రైతు ముఖం అది.

“నేను పోయి నిలవడ్త. చెప్పు, కనవడుతున్ననా?”

ముందు చక్రం దగ్గర నిలబడ్డాడు. రవీందర్ లోపలి నుంచి కనపడుతున్నావన్నాడు. డీజిల్ ట్యాంకు దగ్గర కూర్చున్నాడు. కనపడుతున్నావన్నాడు. వెనక చక్రం పక్కన ఫుట్‌పాత్‌కు ఆనుకుని నక్కాడు. అక్కడా కనపడ్డాడు. మొగులయ్య చేతులు దులుపుకుని ఎక్కి తెరలోకి తొంగిచూశాడు. బియ్యపు గింజలంత మనుషులు, వంకరగా సాగిన రోడ్డు.

“మస్తుగుంది,” అన్నాడు. తర్వాత అడిగాడు, “గీండ్ల నేనేనని నీకెట్ల ఎరుకైంది?”

“నువ్వే కద కాకా నిలవడ్త అని పోయినవ్.”

“అంటే, ఉన్ననని ఎరుకుండి చూసినవ్.”

రవీందర్ తల గోక్కున్నాడు. వరుణ్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ, “ఈ కాకను కూడ బిగియ్యమంటే బిగిస్త,” అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

తర్వాత రెండు ట్రిప్పులు వేశారు. మొగులయ్య ఎప్పటిలాగే వంగి కూర్చుని ఎప్పటిలాగే చెప్తూ పోయాడు. గ్యాసుబండ అన్నాడు. బురఖా, ఇద్దరు పిల్లలు అన్నాడు. చెవుల్లో వైర్లు పెట్టుకుని పాట వింటూ పోయేవాడిని చెవిటోడు అన్నాడు. అద్దాలు రెండూ లోపలికి ముడిచి పోయే కుర్రవాళ్లకు అతను వేరే పేరు పెట్టలేదు, నాలుక మాత్రం చప్పరించాడు. తెర వెలుగుతూనే ఉంది. రవీందర్ దాని వంక ఒక్కసారీ చూడలేదు. మొగులయ్య అది గమనించాడు. గొంతు ఉన్నంతసేపు వీడు చూడడు. గొంతు ఆపి చూద్దామంటే, కింద ఉన్నది ప్రాణం. అది పందెం కాసే వస్తువు కాదు.

పొద్దు వాలుతుండగా ఆఖరి ట్యాంకు ఖాళీ చేసి, చాంద్రాయణగుట్ట దగ్గర ఎత్తు మీద ఆగారు. ఎడమకు తిరిగితే గోవర్ధన్ షెడ్డు. మొగులయ్య ఇల్లు వెనక గల్లీలో.

“ఈడనే దిగుత,” అన్నాడు.

“షెడ్డు దాక రా కాకా. సేఠ్ శాలువ కప్పుతడట.”

“ఎండకాలంల శాలువ ఏం జేస్కుంట.”

దిగాడు. దిగగానే కాళ్లు వాటంతటవే వెనక్కి పోయాయి. మెట్టు కింద ఇరికించి ఉండే కట్టెమొద్దును లాగి, బండి జారకుండా వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. ముందుకొచ్చేసరికి రవీందర్ టిఫిన్ డబ్బా, లుంగీ ఉన్న సంచీ అందించాడు.

“ఫికర్ చెయ్యకు కాకా.”

“ఊ.”

గేరు పడింది. ట్యాంకరు కదిలి, నాలుగు గజాలు పోయి, ఎడమకు మళ్లబోయింది. అప్పుడు మొగులయ్యకు కనపడింది. చుట్టిన పరుపును వెనక కట్టుకున్న మోటారుసైకిలు సందులోకి దూరింది. ‘పరుపు’ అన్నాడు, కానీ ఆ మాట ఇంజను చప్పుడులో అతనికే వినపడలేదు. తలుపు మీద కొట్టబోయిన చెయ్యి తన తొడ మీద పడింది.

ట్యాంకరు ఆగింది. ఊరికే ఆగలేదు, ముక్కు కిందికి వంచి గట్టిగా ఆగింది. పరుపాయన దాని ముందు నుంచి, ఏమీ ఎరగనట్టు, దాటిపోయాడు.

మొగులయ్య ఉరికి తలుపు పట్టుకున్నాడు. రవీందర్ ఖాళీ సీటు మీదికి వాలి, ఎడమ కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

“ఏం చూసినవ్?” అన్నాడు మొగులయ్య.

“అంగి ఉల్టా ఏసుకున్నడు కాకా. కుట్లన్నీ బయటికున్నయ్.”

మొగులయ్య గబుక్కున తిరిగి చూశాడు. పరుపు తప్ప ఏమీ కనపడలేదు. తాను ఆ అంగీని చూడలేదు.

“కెమెరాలనా?”

“ఏడి కెమెరా. నీ గొంతు ఇనవడకపోయేసరికి భయమైంది. ఇటు ఒంగి చూసిన.” రవీందర్ ఊపిరి వదిలి, ఆ ఊపిరిలోనే నవ్వాడు. “నువ్వు లేవు కద, కిటికీ మొత్తం కనవడ్డది. గిన్నేండ్లు నీ ఈపు చూసుకుంటనే తోలిన నేను.”

వెనక హారన్లు మొదలయ్యాయి. మొగులయ్య తలుపు మీద, బయటి నుంచి, రెండు దెబ్బలు వేశాడు. ట్యాంకరు ఎడమకు తిరిగి పోయింది.

అతను ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. బుచ్చయ్య కళ్లు ఆ రోజు ఇటే ఉన్నాయి. ఇటు అంటే ఎటు? కుడి చేతిని ముఖం ముందు నిలబెట్టి, ఒక కన్ను మూసి, రోడ్డు వంక చూశాడు. వంతెన స్తంభం పోయింది, దాని కింది ఆటోలు పోయాయి. చెయ్యి తీశాడు, వచ్చాయి. మళ్లీ పెట్టాడు. ఆ రోజు తాను ఖాకీ అంగీ వేసుకున్నాడు. నడుము దాకా వంగి ఉన్నాడు. కిటికీ నిండా ఖాకీ అంగీ.

చూస్తే ఏం లేకుండే, అన్నాడు బుచ్చయ్య. నీ వీపు అడ్డముండె అని అనలేదు. అతనికీ తెలిసి ఉండదు. లేక తెలిసీ అనలేదేమో. ఆ ప్రశ్నకు ఇక జవాబు చెప్పేవారు లేరు.

వెలుతురు తగ్గుతోంది. ట్యాంకరు ఆగిన చోట రోడ్డు మీద కట్టెమొద్దు ఉండిపోయింది. తీసేవాడు లేడని రవీందర్‌కు గుర్తురాలేదు. మోటారుసైకిళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, దాని దగ్గర వంగి, పక్కకు తప్పుకుని పోతున్నాయి. మొగులయ్య కాసేపు చూశాడు. తర్వాత లేచి, చెయ్యెత్తి బండ్లను ఆపి, నడిరోడ్డులోకి పోయి దాన్ని తీశాడు.

రేపు పొద్దున రవీందర్ ఇటే వస్తాడు. మొద్దును ఏ స్తంభం దగ్గర పెడితే డ్రైవరు సీటు నుంచి ఎడమ కిటికీలో కనపడుతుందో రెండు మూడు చోట్ల వంగి చూసుకుని, ఒక చోట నిలబెట్టి, ఇంటికి పోయాడు. స్తంభం మొదట్లో కట్టెమొద్దు రోడ్డుకు ముఖం చేసి ఉంది. నూనె పట్టి నల్లబడిన దాని ఒంటి మీద టైరు పళ్ల గుర్తు ఇంకా తడిగా ఉంది.